గాలికి ఊగే రేకుముక్కలు శిల్పం ఎలా అవుతాయి? కాల్డర్ ఏమనుకున్నాడు?

అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. తండ్రి, తాత ఇద్దరూ శిల్పులే. 1930లో పారిస్‌లో చిత్రకారుడు మోండ్రియాన్ స్టూడియోకి వెళ్లినప్పుడు, గోడ మీద అతికించిన రంగు అట్టముక్కలు చూసి "ఇవి కదిలితే ఎంత బాగుంటుందో" అన్నాడట. అక్కర్లేదు, నా బొమ్మలు ఇప్పటికే చాలా వేగంగా ఉన్నాయన్నాడు మోండ్రియాన్! కాల్డర్ మాత్రం ఆ ఆలోచన వదల్లేదు.

మొదట్లో తన శిల్పాల్ని మోటార్లు, హ్యాండిళ్లు పెట్టి తిప్పాడు. కానీ మోటార్ తిప్పితే అదే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది, కాసేపటికి విసుగు. అందుకే ఎక్కువగా గాలికే వదిలేశాడు. ఈ కదిలే శిల్పాలకి 1931లో 'మొబైల్' అని పేరు పెట్టింది ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ దుషా.

ఇందులో కిటుకు మన తక్కెడదే. ఒక ఈనెపుల్లకి ఒక చివర రూపాయి బిళ్లంత అట్టముక్క, రెండో చివర అరచేయంతది కట్టి చూడండి. పుల్లని వేలాడదీసే దారం పెద్దముక్క వైపు జరిపితేనే పుల్ల సమంగా నిలుస్తుంది. ఆ దారాన్ని ఇంకో పుల్ల చివర కట్టి, కింది నుంచి పైకి కట్టుకుంటూ పోవడమే. నేను కడితే మూడో పుల్లకే చిక్కుపడింది, అది వేరే సంగతి.

మరి ఇది దేని బొమ్మ? దేనిదీ కాదు. తన రూపాలకి మూలం విశ్వం అనేవాడాయన: రకరకాల సైజుల్లో, బరువుల్లో శూన్యంలో తేలే గోళాలు. నాకైతే నేల మీద మెల్లగా జరిగే వాటి నీడలే ఎక్కువ నచ్చుతాయి.