మా అమ్మాయి ఏనుగుల కోసం పనిచేస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది చదువుతోంది. ఏనుగుల సంరక్షణలోకే వెళ్తానని పట్టుబట్టింది. అందులో స్థిరమైన ఉద్యోగం దొరుకుతుందా? అడవిలో ఒంటరిగా తిరగాలేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. అయితే ఈ రంగంలో చేరినవాళ్లకు ఏనుగులతో కన్నా మనుషులతోనే ఎక్కువ పని. పెద్ద ఏనుగు రోజుకు వంద కిలోలకు పైగా మేస్తుంది. అది నడిచే దారిలో చేను ఉంటే ఒక్క రాత్రిలో పంటంతా పోవచ్చు. మర్నాడు పొద్దున్నే ఆ రైతు ఎదుట కూర్చుని, ఆయన కోపమంతా ఓపిగ్గా విని, నష్టం లెక్కగట్టి, పరిహారం దరఖాస్తు నింపడంలో సాయపడగలదా? మీ అమ్మాయిని నేను అడిగే మొదటి ప్రశ్న ఇది.

తమిళనాడులోని వాల్పారైలో తేయాకు తోటల మధ్య నుంచే ఏనుగులు తిరుగుతాయి. నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన ఆనంద కుమార్ బృందం ఒక సంగతి గమనించింది. ఏనుగు దాడిలో చనిపోయినవాళ్లలో చాలామందికి అది దగ్గర్లో ఉందని ముందు తెలియనే తెలియదు. అందుకని ఫోన్లకు మెసేజ్‌లు పంపడం, టీవీలో స్క్రోలింగ్ వేయించడం మొదలుపెట్టారు. స్తంభాలకు ఎర్ర దీపాలు కూడా బిగించారు. ఏనుగులు చుట్టుపక్కల ఉంటే మొబైల్‌తోనే ఆ దీపం వెలిగిస్తారు. చీకట్లో ఇంటికి నడిచి వెళ్లే కూలీ దూరం నుంచే దాన్ని చూసి ఆగిపోతాడు. ప్రాణం దక్కుతుంది! ఈ కృషికే ఆనంద కుమార్‌కు 2015లో, ప్రకృతి సంరక్షకులకిచ్చే అంతర్జాతీయ పురస్కారం విట్లీ అవార్డు వచ్చింది.

కెన్యాలో ఏనుగులపై పరిశోధించే లూసీ కింగ్ చేసినది మరో దారి. చేను చుట్టూ పది మీటర్లకొకటి చొప్పున తేనెపెట్టెలు వేలాడదీసి తీగతో కలిపారు. ఏనుగు తీగను తోసిందా, పెట్టెలు ఊగి తేనెటీగలు లేస్తాయి. ఏనుగు వెనక్కి తిరుగుతుంది, రైతుకు తేనె మిగులుతుంది.

ఇక చదువు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో ఎమ్మెస్సీ ఉంది. బెంగళూరులోని పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్)లో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్సర్వేషన్ ఎమ్మెస్సీకి రెండేళ్లకోసారి ప్రవేశాలుంటాయి, ఆ ఏడాది దాటనివ్వకండి. స్థిరత్వమే ముఖ్యమనుకుంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఉంది. జువాలజీ డిగ్రీ దానికి సరిపోతుంది. ప్రిలిమ్స్ సివిల్ సర్వీసెస్‌తో కలిపే జరుగుతుంది. పోటీ మాత్రం చాలా గట్టిది.

స్వచ్ఛంద సంస్థల్లో మొదటి కొన్నేళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ఈ విషయం దాచి పిల్లలకు ఆశలు పెట్టడం నాకు ఇష్టముండదు. స్టాటిస్టిక్స్, జీఐఎస్ మ్యాపింగ్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేయడం) బాగా వస్తే ఖాళీగా కూర్చునే రోజులు తగ్గుతాయి. పనిచేసే ప్రాంతం భాష వస్తే ఇంకా మంచిది.

ఒంటరితనం గురించి అడిగారు. ఏనుగులుండే చోట ఒంటరిగా తిరగడం ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ప్రమాదమే. అందుకే మంచి బృందాలు స్థానిక ట్రాకర్ (జాడలు చూసి జంతువులెక్కడున్నాయో పసిగట్టేవాడు) తోడు లేకుండా ఎవరినీ అడవిలోకి పంపవు. చేరేముందు ఆ సంస్థను సూటిగా అడగండి: ట్రాకర్ ఉంటాడా, రాత్రి బస ఎక్కడ, బీమా ఉందా, ఫోన్ అందని చోట కబురెలా పంపుతారు?

ఎమ్మెస్సీకి అప్పు చేసే ముందు, ఈ సెలవుల్లో ఒక నెల ఏదైనా ఫీల్డ్ బృందంతో వాలంటీరుగా పంపండి. వీలైతే పంట చేతికొచ్చే కాలం చూసుకుని. తిరిగొచ్చాక ఆ పల్లెల్లో మనుషుల గురించి ఏం చెబుతుందో విని, నాకు మళ్లీ రాయండి.