జమ్మలమడుగు వైపు తోటలోని పాత మిద్దె ఇల్లు: హోటలు మేలా, ఇల్లు మేలా?

జమ్మలమడుగు చుట్టుపక్కల తోట మధ్యనున్న పాతకాలపు మిద్దె ఇంటిని నాలుగు రోజులకు అద్దెకు తీసుకోవాలనుకొంటున్నామని, వెంట డెబ్బయ్యేళ్ల అమ్మగారూ ఇద్దరు చిన్నపిల్లలూ ఉంటారని, హోటల్లో దిగడం మేలా, ఆ ఇంట్లో దిగడం మేలా అని మీరు అడిగారు. మాది అనంతపురం. పెన్నకు దగ్గరలోని ఒక పల్లెలో, నూరేళ్లు దాటిన అటువంటి ఇంట్లోనే మేము రెండుసార్లు దిగాము. మొదటిసారి డిసెంబరులో, రెండోసారి ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో. ఇల్లు అదే, వెళ్లిన వాళ్లమూ అదే ఐదుగురం, అయినా ఆ రెండు బసలకు పొంతనే లేదు. తేడా అంతా తోటలో ఉంది కనుక ముందు తోట సంగతి చెబుతాను.

అద్దెకిచ్చేవారు పంపిన ఫొటోలలో చీనీ (బత్తాయి) చెట్లు నల్లటి పచ్చదనంతో, కాయల బరువుకు వంగి ఉన్నాయి. డిసెంబరులో మేము చేరేసరికి ఆకులు ముడుచుకొని, కొంత రాలి, పాదులు నెర్రెలిచ్చి ఉన్నాయి. మోసపోయామనుకొని ఇంటి యజమానికి ఫోను చేయబోతూ ఉంటే, తోట చూసుకొనే పెద్దాయన నవ్వి, "చచ్చేది కాదు లేమ్మా, బెట్టకిడ్సినాం. సంక్రాంతి పోయినాక నీళ్లు పెడితే తెల్లంగ పూస్తాది" అన్నాడు. చీనీ చెట్టుకు కాపు ఒక్కసారిగా రావాలంటే చలికాలంలో కొన్ని వారాల పాటు నీరు ఆపి ఎండగట్టాలట, బెట్ట అంటే అదే; ఆ కరవులో కొత్త చిగుళ్లు పెట్టడం మానుకొన్న చెట్టు, మళ్లీ ఎరువు వేసి తడి ఇవ్వగానే చిగురునూ పూతనూ కలిపి విడుస్తుందట. ఆ పూత కాయగా మారి కోతకు వచ్చేసరికి ఆగస్టు దాటుతుంది. అనంతపురంలో పుట్టి పెరిగి, ఏటా బస్తాలకొద్దీ చీనీకాయలు పిండుకొని తాగిన నాకు ఇది పరాయి ఊరి మనిషికి చెప్పినట్లు చెప్పవలసి రావడం కొంచెం సిగ్గుగానే అనిపించింది.

ఆయన మాట పట్టుకొనే రెండోసారి ఫిబ్రవరి మొదట్లో వెళ్లాము. ఊరి మలుపులో కారు అద్దం దించగానే పూత వాసన వచ్చింది. మల్లె వాసనలా అది ముక్కుకు కొట్టదు. తెల్లవారుజామున చల్లగాలితో పాటు పడసాలలోకి వచ్చి, ఎండ ఎక్కేకొద్దీ పలుచబడుతుంది. మా అత్తమ్మ ఆ నాలుగు రోజులూ తోట గేటు దాటలేదు. పొద్దున అరుగు మీద, మధ్యాహ్నం వేపచెట్టు కింద, సాయంత్రం బావి పక్కనున్న పారిజాతం దగ్గర కూర్చొని, తాను పుట్టిన ఊరి సంగతులు పిల్లలకు చెప్పింది. వాటిలో సగం నేను కూడా అంతకుముందు వినలేదు.

తోట విషయంలో ఇంకొక మాట తప్పక అడగవలసి ఉంది. చాలాచోట్ల కాయను చెట్టు మీద ఉండగానే గుత్తకు ఇచ్చేస్తారు; అప్పుడు చెట్టు ఇంటివారిదే అయినా కాయ గుత్తదారుదవుతుంది. మొదటిసారి మా చిన్నవాడు రాలకుండా మిగిలిన నాలుగు కాయలు కోసినందుకు కావలి మనిషితో మాటలు పడ్డాము, డబ్బిస్తామన్నా అతడు వినలేదు. "తోటలో స్వేచ్ఛగా తిరగవచ్చు" అన్న మాటకు కోసుకొని తినవచ్చని అర్థం కాదు.

ఇక ఇల్లు. మందమైన రాతిగోడలు, కొయ్య కంబాలు, వాటిపైన దూలాలు, దంతెలు, ఆపైన మన్ను, అన్నిటికీ మీద చౌడు పరిచిన మిద్దె అది. చౌడు మన్ను తడిస్తే మెత్తబడి సందులు పూడ్చుకొంటుంది కనుక నీటిని కిందికి దిగనీయదు, అయితే ఏటా వానలకు ముందు కొత్తగా పరచకపోతే మాత్రం కారక తప్పదు. వెలుతురు కోసం వంటింటి పైన గవాచి, అంటే మిద్దెలో విడిచిన కంత, ఉంది. వాన వస్తే పైకెక్కి దాన్ని బండతో మూయాలి. పగలు బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది కనుక ఏసీ ఉందా అన్న ప్రశ్నకు నేను పెద్ద విలువ ఇవ్వను. వానలు జోరుగా పడే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెళ్లేటట్లయితే, ఈ ఏడు చౌడు పరిచారా అన్నది ఒకటికి రెండుసార్లు అడగండి.

అద్దె హోటలుకన్నా ఎక్కువని మీరు రాశారు. నిజమే, కానీ ఇటువంటి ఇంటిని నిలబెట్టడానికే ఖర్చు అవుతుంది. సి.పి. బ్రౌను కడపలో తోట బంగళా కొని, అందులో సొంత ఖర్చుతో పండితులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. తెలుగుకు అంత పని జరిగిన ఆ బంగళానే మనం నిలుపుకోలేకపోయాము. అది శిథిలమైన చోట, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల, ఇప్పుడు బ్రౌను పేరిటి గ్రంథాలయం ఉంది. దారిలో కడప మీదుగా వెళితే చూడండి.

అమ్మగారి విషయంలో జాగ్రత్తలు ఉన్నాయి. గడపలు ఎత్తు, గుమ్మాలు పొట్టి. మా ఆయన మొదటి రోజే రెండుసార్లు తల కొట్టుకొన్నారు. మిద్దె మీదికి వెళ్లే రాతిమెట్లకు పట్టుకోవడానికి ఏమీ లేదు. పడకగదికి ఆనుకొని కమోడ్ ఉన్న బాత్రూము ఉందో లేదో ఫోటో తెప్పించుకొని చూసుకోవాలి, ఎందుకంటే పాత ఇళ్లలో అది పెరటి చివర ఉండేది. పిల్లల విషయంలో నా భయమంతా బావి గురించే. అది దిగుడు బావి, చుట్టూ గట్టు మోకాలెత్తు కూడా లేదు. రెండోసారి మేము అడిగితే ముళ్లకంప అడ్డం వేయించారు. రాతిగోడల సందుల్లో తేళ్లు ఉంటాయి కనుక చెప్పులు దులిపి తొడుక్కోవాలి, చీకటి పడితే టార్చి లేకుండా తోటలోకి పోకూడదు.

తోట బోరుకు వ్యవసాయ కరెంటు రోజుకు తొమ్మిది గంటలే ఉంటుంది. మేమున్న ఇంట్లో తొట్టికి నీళ్లు ఆ మోటారు నుంచే వచ్చేవి, కాబట్టి పిల్లలు తొట్టిలో ఈదులాడాలన్నా ఆ వేళనే. తిండి తోట పెద్దాయన భార్య వండిపెట్టింది: జొన్నరొట్టె, ఊరుబిండి అనే పచ్చడి, ఒకపూట రాగిసంగటి. ముందురోజు రాత్రే చెప్పాలి, కారం తగ్గించమని మరీ గట్టిగా చెప్పాలి.

మొదటిసారి మేము చేసిన పెద్ద తప్పు వేరే ఉంది. జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లే కదా అని ఒకరోజు, బెలుం గుహలకు ఒకరోజు, తాడిపత్రి గుళ్లకు ఒకరోజు పెట్టుకొని, తోట ఇంటికి నిద్రకు మాత్రమే వచ్చాము. మీ అమ్మగారికి బెలుం వద్దు. లోపల ఉక్క, మెట్లు, ఒంగి నడవవలసిన చోట్లు ఉన్నాయి. గండికోటకు సాయంత్రం నాలుగింటికి వెళితే మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, జామియా మసీదు తీరిగ్గా చూసుకొని, పొద్దుగూకేవేళకు పెన్న లోయ అంచుకు చేరవచ్చు. ఆ అంచున రక్షణ గోడ లేదు కనుక పిల్లల చేతులు వదలకండి. రెండోసారి మేము చూసింది ఇదొక్కటే, అదీ ఒక్క సాయంత్రమే.

మీకు తిరగడమే ముఖ్యమైతే గండికోటలోని పర్యాటక సంస్థ వారి హరిత హోటల్లో రెండు రాత్రులు ఉంటే సరిపోతుంది, తోట ఇంటికి పెట్టే డబ్బు దండగ. నాలుగు రోజుల్లో కనీసం రెండు రోజులు గేటు దాటకుండా ఉండగలమనుకొంటే మాత్రం ఇల్లే తీసుకోండి. అడ్వాన్సు పంపే ముందు యజమానితో కాక తోట చూసుకొనే మనిషితో ఒకసారి మాట్లాడి, బెట్ట విడిచి నీళ్లు ఎప్పుడు పెట్టారో కనుక్కొని, ఆ తరువాత మూడు నాలుగు వారాలకు తేదీ పెట్టుకోండి. అమ్మగారికి నులక మంచం పడసాలలోనే వేయించమని కూడా అప్పుడే చెప్పండి. తెల్లవారుజామున వాసన అక్కడికే ముందు వస్తుంది.