గేమింగ్ పీసీకి రైజెన్ 7 7800ఎక్స్3డి కొంటే లిక్విడ్ కూలర్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. ఈ ప్రాసెసర్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే అతివేగమైన మెమరీ) ఉన్నందువల్ల, ఆటకు పదేపదే అవసరమయ్యే డేటా కోసం ర్యామ్ దాకా వెళ్లాల్సిన పని తగ్గి, ఫ్రేమ్ రేటు పెరుగుతుంది. టీడీపీ (ప్రాసెసర్ వెలువరించే వేడికి తయారీదారు చెప్పే అంచనా) 120 వాట్లని పేర్కొన్నా, ఆటలాడేటప్పుడు వాస్తవ విద్యుత్ వినియోగం అంతకంటే బాగా తక్కువగానే ఉంటుంది. అయితే అదనపు క్యాష్‌ను కోర్లున్న చిప్ మీదే పేర్చినందున వేడి సులువుగా బయటికి రాదు; ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు గరిష్ఠ పరిమితి 89 డిగ్రీల సెల్సియస్. బాక్సులో కూలర్ రాదు కనుక, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న మంచి టవర్ ఎయిర్ కూలర్ తీసుకుంటే సరిపోతుంది. దాని ఎత్తు క్యాబినెట్‌లో పడుతుందో లేదో, ఫ్యాన్ ర్యామ్‌కు తగులుతుందో లేదో ముందే కొలతలతో సరిచూసుకోవాలి (చాలామంది మరిచిపోయేది ఇదే). మధ్యశ్రేణి గ్రాఫిక్స్ కార్డుతో 4కె ఆటలే ఆడేవారికి మాత్రం, కూలర్‌తో సహా వచ్చే రైజెన్ 5 7600 కొని, మిగిలిన డబ్బును గ్రాఫిక్స్ కార్డుపై పెట్టడమే మేలని నా అభిప్రాయం.