సేవింగ్స్ ఖాతాలో పాతిపెట్టిన తలాంతు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. మావారు (46) పన్నెండేళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి ఈ ఏడాది వచ్చేశారు. వచ్చేటప్పుడు కంపెనీ ఇచ్చిన 6.5 లక్షలతో కలిపి 9 లక్షలు నా సేవింగ్స్ ఖాతాలో ఉన్నాయి. ఇది దేవుడిచ్చిన సొమ్ము, పోగొడితే ఆయనకేం లెక్క చెప్పాలని భయమేసి ఎనిమిది నెలలుగా ముట్టుకోలేదు. బంగారం మీద 2.4 లక్షల అప్పుంది, నూటికి రూపాయిన్నర వడ్డీ. మా సంఘంలో ఒక అన్నయ్య, మూడు లక్షలు ఇస్తే నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తానంటున్నారు. కంపెనీ డబ్బు మీద దశమభాగం 65 వేలు ఇంకా ఇవ్వలేదు. అత్తగారికి కంటి ఆపరేషన్ చేయించాలి. పాప ఇంటర్ రెండో సంవత్సరం, నర్సింగ్ చదువుతానంటోంది. మావారికి ఇక్కడ 18 వేలు జీతం. ఖాళీ ఉన్నప్పుడు నేను లేసు అల్లుతాను, రెండు వేల దాకా వస్తాయి. ఏం చేయమంటారు? (ఒక సహోదరి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు చెప్పిన కథ గుర్తొచ్చింది: యజమాని ప్రయాణమై వెళ్తూ తన సొమ్ము దాసులకు అప్పగిస్తాడు, వాళ్లలో ఒకడికి దక్కింది ఒక్క తలాంతు. సండే స్కూల్లో మాకు వాణ్ణి సోమరి అనే నేర్పారు. కానీ వాడు దొంగా కాదు, తాగుబోతూ కాదు, పైసా పోగొట్టలేదు. భయపడి గుంట తవ్వి దాచాడంతే. అదేమీ చిల్లర డబ్బు కూడా కాదు. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. ఇవాళ కూలి 500 అనుకుంటే 30 లక్షలు! కనీసం సాహుకారుల దగ్గర వేసినా వడ్డీతో కలిపి తీసుకునేవాణ్ణి కదా అన్నాడు యజమాని.

మీ గుంట లోతెంతో చూద్దాం. బంగారం అప్పుకు నెలకు 3,600 వడ్డీ కడుతున్నారు. అదే 2.4 లక్షలు ఖాతాలో పడి ఉన్నందుకు, రెండున్నర శాతం లెక్కన, బ్యాంకు మీకిచ్చేది నెలకు 500. అంటే ప్రతి నెలా 3,100 పోతోంది, ఎనిమిది నెలల్లో 24,800. పోగొడతానేమో అని భయపడుతూనే పోగొట్టుకున్నారు. ఈ వారమే వెళ్లి తాకట్టు విడిపించండి. నగలు మీ ముందే తూకం వేయించి, అప్పు తీరినట్టు కాగితం చేతికి వచ్చాకే బయటికి రండి.

ఇక ఆ అన్నయ్య. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. మీకు అంత ఇచ్చి, తాను కూడా మిగుల్చుకోవాలంటే ఆయన చేసే వ్యాపారం ఏమిటో నాకైతే తోచడం లేదు. ప్రార్థన బాగా చేస్తారు కదా అని ప్రో నోటు కూడా అడగకుండా ఇచ్చేసి, తర్వాత ఆ చర్చికే వెళ్లడం మానేసిన వాళ్లను చూశాను. ఇవ్వకండి. మొహమాటమైతే డబ్బు ముందు డిపాజిట్‌లో వేసేయండి, అప్పుడు ‘కట్టేశాం అన్నయ్యా’ అని చెప్పినా అబద్ధం కాదు.

అప్పు పోగా 6.6 లక్షలు. ఇంట్లో నెలకు 20 వేలు ఖర్చనుకుంటే, ఆరు నెలలకు 1.2 లక్షలు విడిగా ఉంచండి. పాప బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు కాబట్టి ఒక 3.5 లక్షలు ఏడాదికి, రెండేళ్లకు, మూడేళ్లకు ముగిసేలా ముక్కలు చేసి పోస్టాఫీసులోనో బ్యాంకులోనో డిపాజిట్ చేయండి. ఫీజు కట్టే వేళకు ఒక్కొక్కటీ చేతికొస్తుంది. ఇంత త్వరగా కావలసిన డబ్బు షేర్లలో వద్దు. అది పాపమని కాదు, వ్యవధి చాలదని. ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి మొత్తం ఒకేచోట పెట్టకండి. మీవారి పేరున ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (ప్రాణానికి), 20 రూపాయల సురక్షా (ప్రమాదానికి) బీమాలు రెండూ బ్యాంకులో రాయించండి. యాభై దాటితే మొదటిది ఇవ్వరు.

దశమభాగం ఎంతివ్వాలో చెప్పడం నా పని కాదు. వరుస మాత్రం చెప్పగలను. తల్లిదండ్రులకు అక్కరకు రావలసింది ‘కొర్బాను’, దేవుడికిచ్చేశాం, అని తప్పించుకునేవాళ్లను యేసు గట్టిగానే గద్దించాడు (మార్కు 7). కాబట్టి ముందు అత్తగారి కన్ను. ఆపరేషన్‌కు 25 వేలు పక్కన పెట్టినా ఇంకా 1.65 లక్షలుంటాయి. కానుక అందులోంచి, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుని, సణుగుడు లేకుండా ఇవ్వగలిగినంత. మా అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి చర్చి డబ్బాలో పోసేది. కొట్లో బాకీ ఉన్న నెలలోనూ మానలేదు, కానీ గుప్పెడే. జీతంలోంచి నెలనెలా ఇచ్చేది అలా సాగనివ్వండి.

నేను రెండుసార్లు చదివింది మీ చివరి మాట. తొమ్మిది లక్షల గురించి అంత రాసి, లేసు గురించి ఒక్క ముక్క. మీ ప్రాంతానికి ఆ అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది, 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మీ వేళ్లలో ఉన్నది కూడా ఇచ్చినవాడు ఆయనే కదా, దాని లెక్క అడగడా? ఏజెంటు దారం ఇచ్చి, ముక్కకింతని చేతిలో పెడుతున్నంత కాలం ఆ రెండు వేలు పెరగవు. ముందు ఒక నెలపాటు నోటు పుస్తకంలో రాయండి: ఏ డిజైను, ఎన్ని గంటలు, ఎంత దారం, ఎంత ఇచ్చారు. తర్వాత 30 వేలు దాటకుండా సొంతంగా దారం కొని, అల్లిక తెలిసిన మరో ఇద్దరు ముగ్గురితో కలిసి టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు చేసి నేరుగా అమ్మి చూడండి. మొదటి ఆర్డరుకే అరువు పెట్టకండి, సగం అడ్వాన్సు తీసుకోండి. ఆ పుస్తకంలో మొదటి నెల పేజీలు ఫొటో తీసి నాకు పంపితే ధర ఎంత పెట్టాలో కలిసి చూద్దాం.