మేనేజ్ చేయడమూ, గుర్రం పగ్గాలూ

సందేహం: ‘మేనేజ్’ అంటే ‘నిర్వహించు’ అని బడిలో చెప్పారు. మరి ‘ఈ నెల ఎలాగో మేనేజ్ చేశాం’ అన్నప్పుడు ఏం నిర్వహించినట్టు? ఒక వార్తలో ‘తప్పించుకోవడానికి నిర్వహించాడు’ అని చదివాను. ఇది సరైనదేనా?

సమాధానం: కాదు. ‘ఎలాగో తప్పించుకున్నాడు’ అంటే సరిపోయేది. ‘తప్పించుకోగలిగాడు’ అన్నా బాగుండేది. అనువదించింది యంత్రమో మనిషో కానీ, ఒక్కసారి పైకి చదివి ఉంటే చెవే అడ్డుపడేది.

ఇక అసలు మాట. ఇది పుట్టింది ఆఫీసులో కాదు, గుర్రాల దగ్గర. లాటిన్‌లో ‘మానుస్’ అంటే చెయ్యి. దాన్నుంచి వచ్చిన ఇటాలియన్ ‘మనెజ్జారె’కు చేత్తో పట్టి నడపడం, ముఖ్యంగా గుర్రాన్ని లొంగదీసి నడపడం అని అర్థం. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి గుర్రం మీదే వచ్చింది. ఫ్రెంచివాళ్ళు స్వారీ నేర్పే చోటును ఇప్పటికీ ‘మనేజ్’ అంటారు. షేక్‌స్పియర్ ‘రెండో రిచర్డ్’ నాటకంలో రాజు కోట మీదినుంచి శత్రువు ముందుకు దిగివస్తూ తనను ఫేథాన్‌తో పోల్చుకుంటాడు. ఫేథాన్ గ్రీకుల సూర్యుడి కొడుకు. ఒక్కరోజు రథం తోలతానని మారాం చేసి, గుర్రాలను అదుపు చేయలేక కూలిపోయాడు. ఆ ‘అదుపు’ అన్నచోట కవి వేసిన మాట ‘మేనేజ్’. రాజ్యం పగ్గాలు జారిపోతున్నవాడి నోట ఎంత బాగా అమరిందో! మన సూర్యుడు నయం, పగ్గాలు తొడలు లేని అనూరుడికి అప్పగించాడు కానీ కొడుకులకు ఇవ్వలేదు.

మన ‘నిర్వహించు’లో ఉన్నది ‘వహ్’ ధాతువు, అంటే మోయడం. వాళ్ళు పగ్గం పట్టారు, మనం బరువెత్తుకున్నాం. అందుకే సభనూ శాఖనూ నిర్వహిస్తాం. నెల ఖర్చును నెట్టుకొస్తాం, ఏడ్చే పిల్లను సంబాళిస్తాం, చిక్కుబడ్డ పనిని చక్కబెడతాం. ‘ఆఫీసరును మేనేజ్ చేశాం’ అంటే మాత్రం చేయి తడిపామనే. తిరిగి తిరిగి మాట చేతి దగ్గరికే వచ్చింది చూడండి!

మాటల్లో ‘మేనేజ్ చేశాం’ అంటే తప్పుపట్టను, నేనూ అంటాను. రాతలో ఇన్ని మాటలుండగా అదొక్కటే పట్టుకు వేలాడటం బద్ధకం. ‘మేనేజరు’ జోలికి మాత్రం పోకండి. బ్యాంకులో ‘నిర్వాహకుడుగారూ’ అని పిలిస్తే ఎవరూ తలెత్తి చూడరు.