పహాణీలో లేని మనిషిని వెతికే కథ: మా బిడ్డకు ఒక ఉత్తరం

బిడ్డా,

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. వంశవృక్షాలు తయారుచేసే అమ్మాయి, పరకాల దగ్గర ఒక పల్లె, పాత పెట్టెలో ఒక ఫోటో, ఆ ఫోటోలో ఎవరూ గుర్తుపట్టని ఒక ఆడమనిషి. ఎత్తుగడ బాగుంది. రక్తపాతం లేకుండా నాలుగిళ్ల మధ్యే తిరుగుతూ, చదివినవాళ్ల మనసు చివరికి తేలికపడే మిస్టరీ రాయాలన్న నీ కోరిక నాకు ఇంకా నచ్చింది. రెవెన్యూ రికార్డు గదిలో ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు డిటెక్టివ్ కథలు రాసినవాణ్ణి కాబట్టి నీకు పనికొచ్చే మాటలు నా దగ్గర కొన్ని ఉన్నాయి.

ముందుగా పెద్ద విషయం. నీ కథలో చిక్కుముడినంతా అమెరికా నుంచి వచ్చిన డీఎన్ఏ రిపోర్టు విప్పేస్తోంది. అక్కడి కథల్లో అది సరిపోతుంది. ఆ దేశంలో 72 ఏళ్లు దాటిన జనాభా లెక్కలను ఇంటింటి పేర్లతో సహా ఎవరైనా చూడొచ్చు. చర్చిల్లో పుట్టుకల పుస్తకాలు, పెళ్లిళ్ల పుస్తకాలు ఉంటాయి. మన జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు బయటపెట్టరు. మన దగ్గర ఉండే కాగితాల్లో ఎక్కువ భాగం భూమి కోసం పుట్టినవి, మనుషుల కోసం కాదు. అందుకే వాటిలో అబద్ధాలు చాలా ఉంటాయి. ఆచారాల్లో అబద్ధం దొరకడం కష్టం. ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ ముందు అబద్ధం చెప్పినవాడు కూడా చనిపోయిన తండ్రికి బియ్యం ఇచ్చేటప్పుడు ధైర్యం చేయడు. కాగితం చెప్పేదానికీ ఇంట్లో జరిగే ఆచారానికీ ఎక్కడ పొంతన కుదరదో అక్కడే నీ మిస్టరీ ఉంది.

కాగితాలు వద్దని కాదు. నువ్వు పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగుచేస్తున్నారో రాసే రెవెన్యూ లెక్క, అని ఒక్క మాట అని వదిలేశావు. 1954-55 నాటి ఖాస్రా పహాణీని కథలోకి తీసుకురా. మన వైపు భూమి తగాదా ఏదైనా తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తుంది. పట్టాదారు పేరు ఒక గడిలో, భూమి ఎవరి కబ్జాలో, అంటే ఎవరి అనుభవంలో ఉందో ఇంకో గడిలో రాసేవారు. రెండు పేర్లు వేరైతే నీ అమ్మాయి ఆగి ఆలోచించాలి. కౌలుకు ఇచ్చి ఉండొచ్చు. చెల్లెలికి పసుపు కుంకుమ కింద ఇచ్చి, పట్టా మార్చకుండా ఉంచి ఉండొచ్చు. లేదా ఇంట్లోవాళ్లు పేరు ఎత్తడానికి ఇష్టపడని మనిషి ఆ భూమి దున్నుకుని బతికి ఉండొచ్చు.

1973 భూ సంస్కరణల చట్టం వచ్చాక పరిమితికి మించి ఉన్న భూమిని కాపాడుకోవడానికి కొందరు చుట్టాల పేర్ల మీదా, జీతగాళ్ల పేర్ల మీదా చూపించారు. ఆ కాలపు కాగితాల్లో ఒక కొత్త కొడుకు కనిపించాడంటే వాడు నిజంగా కొడుకేనని నమ్మొద్దు. సింగరేణిది ఇంకో కథ. వేరేవాళ్ల పేరుతో బొగ్గుబాయి పనిలో చేరి, జీవితమంతా ఆ మారుపేరుతోనే హాజరు వేయించుకున్నవాళ్లు చాలామంది. ఇంట్లో ఒక పేరు, గనిలో ఒక పేరు. వాళ్ల పిల్లలు వారసత్వ ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు ఆ తండ్రి ఎవరో రుజువు చేసుకోవడానికి పడిన బాధ నాకు తెలుసు. దీని మీదనే ఒక నవల రాయొచ్చు.

తేదీల విషయంలో నీ అమ్మాయి తప్పటడుగు వేస్తే కథకు మేలు. నిజాం కాలపు రికార్డుల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే పంటల లెక్కన నడిచే సంవత్సరాలు ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ చెబుతారు. కానీ ఆ సంవత్సరం అజూర్ నెలతో, అంటే అక్టోబర్‌లో మొదలవుతుంది. ఏడాది మధ్యలో జనవరి వస్తుంది కాబట్టి అక్కడి నుంచి 591 కలపాలి. ఫసలీ 1358 ఫర్వర్ది నెలలో, అంటే అజూర్ నుంచి ఐదో నెల అయిన ఫిబ్రవరిలో, పిల్లవాడు పుట్టాడని ఉర్దూలో ఒక చీటీ దొరికిందనుకో. అమ్మాయి దాన్ని 1948 ఫిబ్రవరి అనుకుంటుంది. తండ్రి 1947 డిసెంబర్‌లో పోయాడు, కనుక అంతా సవ్యంగానే ఉంది. ఉర్దూ చదివిన ఒక ముసలాయన చీటీ చూసి, అది 1949 ఫిబ్రవరి అని చెబుతాడు. తండ్రి పోయిన పద్నాలుగు నెలలకు పుట్టిన పిల్లవాడన్నమాట. అధ్యాయం అక్కడ ఆపెయ్.

ఇక ఆచారాల దగ్గరికి వస్తాను. నీ పుస్తకానికి అసలు బలం ఇక్కడి నుంచే రావాలి.

పెత్రమాస (పితృ అమావాస్య) రోజు అయ్యగారికి బియ్యం ఇస్తూ తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెబుతారు కదా. ఆ వరుసలో ఇంట్లో ఎవరికీ తెలియని పేరు ఒకటి ప్రతి ఏడాదీ వినిపిస్తుంటే? చెప్పే పెద్దాయనను అడిగితే, మా నాయిన చెప్పేవాడు, నేనూ చెబుతున్నాను అంటాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు. ఆ పేరు ఎవరిది అన్న ఒక్క ప్రశ్న సగం పుస్తకాన్ని నడుపుతుంది.

మైల కూడా అలాంటిదే. ఊళ్లో ఒక ఒంటరి ముసలామె చనిపోతుంది. ఆమెకు ఎవరూ లేరని అందరూ అంటారు. కానీ రెండు వీధుల అవతల ఒక పెద్దింట్లో ఆ పది రోజులూ దేవుడి దగ్గర దీపం పెట్టరు, ఆ ఏడాది బతుకమ్మ పేర్చరు. మైల పాలోళ్లకే, అంటే ఒకే వంశపు దాయాదులకే ఉంటుంది. నీ అమ్మాయి దీపం లేని ఆ దేవుడి గూటిని చూడాలి, ఏమీ అడగకుండా బయటికి రావాలి. ఒడిబియ్యాన్ని కూడా వాడుకో. అది పెళ్లయిన ఆడపిల్ల ఒడిలో పుట్టింటివాళ్లు పోసేది. మా ఇంటి ఆడపిల్ల కాదని వాదించే ఇంటి నుంచి ఎవరో మాపటివేళ వచ్చి ఒడిబియ్యం పోసి వెళ్లారని పక్కింటావిడ నోట అనిపిస్తే, ఏ రిజిస్టరూ ఇవ్వలేని సాక్ష్యం అది.

పేర్లను కూడా ఊరికే పెట్టకు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, ఐలోని (ఐనవోలు) మల్లన్నకు మొక్కితే ఐలయ్య, వేములవాడకైతే రాజయ్య, మేడారానికైతే సమ్మయ్య, సారక్క. ఇంటిల్లిపాదీ రాజన్న భక్తులైన ఇంట్లో ఒక్క పిల్లవాడికే సమ్మయ్య అని పేరుంటే, మొక్కిన తల్లి వేరే దిక్కు నుంచి వచ్చిందేమో అని నీ అమ్మాయికి అనుమానం రావాలి. ఇది రుజువు కాదు, అనుమానం మాత్రమే. మిస్టరీకి అదే కావాలి.

అన్నిటికంటే పెద్ద ఆయుధం వరస. బావా బామ్మర్దీ అని పిలుచుకునే రెండిళ్లు. పిల్లలు ఇష్టపడ్డారు, మేనరికమే, కట్నం పేచీ లేదు. అయినా ఇంటి పెద్దాయన ఈ పెళ్లి జరగదు అని లేచి వెళ్లిపోతాడు. కారణం చెప్పడు. చెబితే ఆ పిల్లలు అన్నాచెల్లెళ్ల వరస అవుతారు, డెబ్బై ఏళ్లుగా దాచినది బయటపడుతుంది. నీ పుస్తకంలో నేరం ఇలాంటిదై ఉండాలి. పెళ్లి చెడగొట్టడానికి ఒక మర్యాదస్తుడు చేసే చిన్న చిన్న దొంగతనాలు: ఫోటో మాయం కావడం, పెళ్లిలో చుట్టాలు చదివించిన కట్నాలు రాసుకున్న పాత నోటుబుక్కులోంచి ఒక పేజీ చిరిగిపోవడం. మూడో అధ్యాయంలో నువ్వు పెట్టిన హత్య తీసేయమని నా సలహా. ఆ శవం వచ్చాక మిగతా మనుషులంతా చిన్నబోయారు.

నీ అమ్మాయికి ఒక తోడు కూడా కావాలి. పెళ్లి సంబంధాలు కుదిర్చే పెద్దావిడను పెట్టు. గోత్రం, ఇంటిపేరు, ఎవరి ఆడపిల్ల ఎవరింటికి వెళ్లింది, ఎవరు ఇల్లరికం వచ్చారు, ఎవరిని సాదుకున్నారు అన్నీ ఆమెకు నోటికి వస్తాయి. ఏ ఇంటి వంటగదిలోకైనా నేరుగా వెళ్లి కూర్చోగలదు. లాప్‌టాప్ పట్టుకుని వచ్చిన అమ్మాయికి గుమ్మం దగ్గర కుర్చీ వేస్తారు, అంతే.

వంశాలు చెప్పేవాళ్లను కథలో పెడతానన్నావు. జాగ్రత్తగా పెట్టు. ఒక్కో కులానికి ఒక్కో కథకులు ఉంటారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు పటం విప్పి మార్కండేయ పురాణం చెబుతారు, గొల్లలకు మందెచ్చులవాళ్లు ఉన్నారు. ఒకరి కథ ఇంకొకరి నోట పెడితే మనవైపు పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. ఊరూరూ తిరిగి వంశాల కథలు చెప్పే వంశరాజులను ఆ పేరుతోనే పిలువు, పాత పేరుతో రాయకు. వాళ్లు చెప్పేది గోత్రాల పుట్టుక, వంశాల గొప్పతనం. మీ తాత రెండో పెళ్లి సంగతి వాళ్ల కథలో ఉండదు. అయితే ఏ ఇంటి ముందు నిలబడి అడిగే హక్కు తమకుందో వాళ్లకు తెలుసు. మాకూ మీకూ సంబంధం లేదని కసిరిన ఇంటి ముందు అలాంటి ముసలాయన కదలకుండా నిలబడే సీను ఒకటి రాసి చూడు.

పరకాల పేరు వాడుతున్నావు కాబట్టి ఇంకో మాట. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద అక్కడ కాల్పులు జరిగాయి. ఆ మరుసటి ఏడాది ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాం పక్షాన నిలిచిన రజాకార్లు ఊరివాళ్లను చంపారు. ఆ రోజుల్లో తప్పిపోయినవాళ్లు, పేరు మార్చుకున్నవాళ్లు, ఎవరో దయతలచి సాదుకున్న పసిపిల్లలు నిజంగా ఉన్నారు. వాళ్ల మనుమలు నీ పుస్తకం చదువుతారు. కథలో మలుపు కావాలని ఆ చావులను వాడుకోవద్దు. వాడితే ఆ ఇంటి దుఃఖానికి కనీసం ఒక అధ్యాయం ఇవ్వు. అలాగే, దాచిన రహస్యం చాలాసార్లు ఒక ఆడమనిషి మీద పడుతుంది. ఆ ఫోటోలోని ఆమెను చివర్లో అందరి ముందు విచారణకు నిలబెట్టకు. ఆమె ఎందుకు మౌనంగా ఉండిపోయిందో ముందు నీకు తెలియాలి.

రహస్యం బయటపెట్టే సీన్ హాల్లో సోఫాల మధ్య రాశావు. దాన్ని సంక్రాంతి ముందు సకినాలు చేసే రోజుకి మార్చు. ఒక్కరి చేతుల మీద అయ్యే పని కాదది, చుట్టుపక్కల ఆడవాళ్లంతా వస్తారు. నువ్వులూ వామూ కలిపిన పిండిని గుడ్డ మీద చుట్టలు చుట్టలుగా తిప్పుతూ మాట్లాడుకుంటారు. చూపులన్నీ చేతుల మీదే ఉంటాయి కనుక ఎదురుగా అనలేని మాటలు కూడా అక్కడ అనేస్తారు. సంబంధాల పెద్దావిడ ఎవరినీ పేరు పెట్టి నిలదీయకుండా, ఏదో పాత పెళ్లి ముచ్చట చెబుతున్నట్టు మొదలుపెడితే చాలు.

హత్య తీసేసి మూడో అధ్యాయం మళ్లీ రాసి పంపు. ఫసలీ చీటీ ఎలా ఉంటుందో చూడాలంటే ఆదివారం హనుమకొండకు రా. నా దగ్గర పాత నకళ్లు కొన్ని ఉన్నాయి, ఉర్దూ అంకెలు చదవడం నేర్పిస్తాను. వచ్చేటప్పుడు మీ నానమ్మ పెళ్లినాటి కట్నాల పుస్తకం దొరికితే తీసుకురా, చూడాలని నాకూ ఉంది.

మీ పెద్దబాపు