గొంతు బావిలోంచి వస్తున్నట్టుంటే మైక్ సంగతి తర్వాత, ముందు బొంత బయటికి తీయండి

హన్మకొండలో అద్దె ఇల్లు, సామాను లేని గది, ఫోన్‌లో కథ చదివి రికార్డు చేస్తే బావిలోంచి మాట్లాడినట్టు వస్తోంది, ఐదారు వేలు పెట్టి మైక్ కొంటే పోతుందా అని అడిగారు. పోదు. కొని చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మాది కాజీపేట, రైలు పట్టాలకు దగ్గర్లోనే ఇల్లు. పిల్లల కథలు చదవడానికని కండెన్సర్ మైక్ (చిన్న చప్పుడునీ పట్టేసే రకం) తెచ్చి, టేబుల్ మీద పెట్టి, రెండడుగుల దూరంలో దర్జాగా కూర్చుని చదివా. వింటే నా గొంతు కన్నా గది మోతే ఎక్కువుంది, పైగా పక్కింటి కుక్కర్ విజిల్, ఫ్యాన్, బోరు మోటారు అన్నీ హాజరు. మైక్ తప్పేం లేదు, కింద టైల్స్, చుట్టూ ఒట్టి గోడలు, మన మాట వాటికి కొట్టుకుని మళ్లీ మైక్‌లోకే వస్తుంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. చివర్లో టింగుమని సాగిందా, అదే మీ బావి.

ముందు దూరం తగ్గించండి. నోటికీ మైక్‌కీ మధ్య జానెడు చాలు, ఫోనైనా అంతే. దూరం సగమైతే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ (చప్పుడు కొలత) పెరుగుతుంది, గది మోత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాకపోతే అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'పప్పు' అనండి, గాలి తగిలింది కదా, అదే మైక్‌కి తగిలితే ఢబ్బుమంటుంది. అందుకే మైక్‌ని నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా పెట్టాలి.

తర్వాత గుడ్డ. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి, కింద పరవడానికి కొత్తవాడ జంపఖానా ఒకటి, అంతే నా స్టూడియో (2018లో ప్రాంతపు ప్రత్యేకతకిచ్చే జీఐ గుర్తింపు వచ్చిన వరంగల్ డర్రీలు ఈ జంపఖానాలే, వీటికి ఈ పని పడుతుందని నేసినవాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు). బొంతని అందరూ మైక్ వెనక కడతారు, నేనూ అలాగే కట్టా. కట్టాల్సింది మన వీపు వెనక, మైక్ చూస్తున్నది అటే కదా! గోడకి అతుక్కోకుండా నాలుగు వేళ్ల సందు వదిలితే ఇంకా బాగా పీల్చుకుంటుంది. కోడిగుడ్ల అట్టలు అతికించమని ఎవరైనా చెప్తే వినకండి, నేను ముప్పై అతికించా, సున్నం ఊడింది, ఓనర్‌తో మాటలు పడ్డా, మోత మాత్రం కదల్లేదు.

ఐతే బొంత గదిలో మోతని తగ్గిస్తుంది గానీ బయటి చప్పుడుని ఆపదు. గూడ్సు బండి కూతేస్తే నేను ఆగి, అది పోయాక ఒక చప్పట కొట్టి ఆ వాక్యం మొదటినుంచి చదువుతా, ఎడిటింగ్‌లో ఆ చప్పట నిలువు గీతలా కనపడుతుంది, వెతుక్కునే పనుండదు. గుడి మైక్ మొదలయ్యేలోపు, తెల్లవారుజాము నాలుగున్నరకి కూర్చుంటా. మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చుంటే పది నిమిషాలకే చొక్కా తడిసిపోతుంది, ముక్కలు ముక్కలుగా చదవడమే.

రికార్డు చేసేటప్పుడు కనపడే లెవెల్ మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఆడితే చాలు, సున్నా తగిలి గొంతు చీలితే మళ్లీ చదవాల్సిందే. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మొదట్లో ఐదు సెకన్లు ఊరికే కూర్చోండి, ఆడాసిటీలో (ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) వెనక చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్‌కి ఆ నిశ్శబ్దం చూపించాలి. అందులో నేను 6 డెసిబెల్స్ దాటను, ఎక్కువ లాగితే నీళ్లలో మునిగి మాట్లాడినట్టు ఔతుంది.

ఆ ఐదారు వేలు ఖర్చు పెట్టాలనే ఉంటే ముందు మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఏదీ తెలియదు. నా మొదటి ఇరవై కథల్లో వెనక గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్న మా అక్క కొడుకు చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు.